న్యాయవిద్యార్థికి చేయూత

1872వ సంవత్సరమున పదుమూడు దినముల యెడముతో ఇరువురు మహనీయులు జన్మించిరి. ఆగస్టు 23న ఒంగోలు సీమలోని వినోదరాయునిపాలెమున టంగుటూరి ప్రకాశం పంతులుగారు. సెప్టెంబరు 5న మన కోవిల్పట్టికి చేరువనున్న ఒట్టపిడారమున చిదంబరం పిళ్ళైగారు. ఇరువురును న్యాయవాదులే, ఇరువురును ప్రజలకొరకు వృత్తిని పణముగా నొడ్డినవారే.

ప్రకాశంగారు బాల్యముననే తండ్రిని గోల్పోయిరి. తల్లిగారు పూటకూళ్ళయిల్లు నడపి సంసారము నీడ్చిరి. ఆ బాలుని చేరదీసి, రాజమహేంద్రవరమునకు వెంట గొనిపోయి చదివించి, పిమ్మట న్యాయశాస్త్రమునకై మదరాసు పంపినవారు గురువులైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. ఆ శిష్యుడే 1921లో గొప్ప రాబడిగల వృత్తిని విడిచి దేశసేవకు దిగెను. 1946లో మన మండలములు చేరియున్న మదరాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రి యయ్యెను. ఒక బడిపంతులు చేసిన సాయమునకు దక్కిన ఫలమిది.

పిళ్ళైగారి చరిత్ర మరియొక పాఠము చెప్పును. 1908లో రాజద్రోహనేరమునకు శిక్ష పడుటచే వారి ప్లీడరు పట్టా పోయెను. 1912లో చెరవీడిన పిదప జీవనమునకే కటకటపడిరి. వాలెస్ అను న్యాయాధిపతి తోడ్పాటున పట్టా మరల లభింపగా, కోవిల్పట్టిలో వకాలతు సాగించిరి. కృతజ్ఞతకై కుమారునకు వాలేశ్వరన్ అని పేరిడిరి. కావున సాయము చదువుతో ముగియరాదు. వృత్తిలోను అండ కావలయును.

పేదలకు ఉచిత న్యాయసహాయము 1976లోనే రాజ్యాంగమున 39-ఎ అధికరణముగా చేరినది. తత్సంబంధమైన చట్టము 1995 నవంబరు 9 నుండి అమలైనది. కాని ఆ సేవకు పూనుకొను యువకుని యాకలి తీర్చువారెవరు? 2024 జూనులో మదరాసు ఉన్నత న్యాయస్థానము, జూనియరు న్యాయవాదులకు చెన్నై, మదురై, కోయంబత్తూరులలో నెలకు 20,000 రూపాయలకు, తక్కినచోట్ల 15,000కు తగ్గకుండ భృతి యొసగవలెనని చెప్పెను. కోవిల్పట్టి, విరుదునగరములు రెండవ తెగలోనివి. అయినను ఆ భృతి సీనియరు నాశ్రయించిన వానికే. ఫీజులేక పేదల వ్యాజ్యములు చేపట్టువానికి గాదు.

ఇది పరుల కష్టము గాదు. 2006 నాటి చట్టము బడులలో తమిళమును నిర్బంధము చేసినప్పుడు, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు పదవతరగతి పరీక్షలో మినహాయింపు న్యాయస్థానముల నాశ్రయించియే లభించినది. 2023 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము దానిని ఒక యేడు పొడిగించెను. నేను తెలుగు చెప్పు తరగతి నిలుచుటకు నాతోపాటు న్యాయవాదియు కావలయును.

కావున మన సంఘములు ఏటేట ఒక్క విద్యార్థినైన ఎన్నుకొని, న్యాయకళాశాల రుసుముతోపాటు పట్టా పొందిన తరువాతి రెండేండ్ల భృతియు నొసగుట మేలు. బదులుగా అతడు పేదల వ్యాజ్యములను, మన బడుల వ్యాజ్యములను చేపట్టిన చాలును.