నక్కాష్ చేతి కొయ్యబొమ్మలు

మా మన్ననూర్ నుంచి శ్రీశైలం వెళ్లే సడక్ పక్కన జంగల్‌లో గొర్ల మందలు కనిపిస్తాయి. ఆ గొల్లల తారీఖ్ కితాబుల్లో కన్నా బొమ్మల్లో ఎక్కువుంది. అవి పిల్లల ఆటబొమ్మలు కావు.

మందెచ్చులోళ్లు గొల్లలకు కాటమరాజు కిస్సా చెప్పేటప్పుడు రంగులేసిన కొయ్యబొమ్మల్ని ఒక్కొక్కటే జమాత్ ముందు నిలబెడతారు. కిస్సాలో ఝగడా పుల్లరి గురించి, అంటే పసులు మేసినందుకు కట్టే మహసూల్. 13వ శతాబ్దపు నెల్లూరు రాజు మనుమసిద్ధి అడిగాడు, కాటమరాజు కట్టలేదు, జంగ్ జరిగింది. రాజు తరఫున ఖడ్గతిక్కన లడాయికి దిగాడు. మేత మీద పన్ను కోసం ఇంత ఖూన్! జంగల్ అంచున బతికేవాళ్లకు ఇది పాత కిస్సా అనిపించదు.

ఈ బొమ్మలు చేసేది చెర్యాల నక్కాషీలు. చెర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట. తేలికైన పొనికి కర్రను చెక్కి, రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముక్కూ చెవులూ దిద్దుతారు. పైన గుడ్డ, దాని మీద సుద్ద పూత, ఆ తర్వాతే రంగు. దీపపు మసితో నలుపు, ఇంగిలీకంతో ఎరుపు. ఉడత వెంట్రుకల కుంచె.

ఇక ఆ పేరు చూడండి. నఖ్ష్ అరబీ లఫ్జ్, గీత అనో చెక్కడం అనో మానే. నక్కాష్ ఫార్సీ, ఉర్దూల మీదుగా దక్కన్‌కొచ్చింది. ఆ ఖాన్‌దాన్లు హిందువులే, గీసేది కాటమరాజునీ మార్కండేయుణ్ణీ. పిలుపు మాత్రం మన జబాన్‌ది. దక్కన్ తారీఖ్ అంటే మన పిల్లలకు చార్మినార్, గోల్కొండ చూపించి ఊరుకుంటాం. ఈ లఫ్జ్ కూడా చెప్పాలని నా ఖయాల్.

"ఇవి బుత్‌లు కాదా?" అని మన ఇళ్లల్లో సవాల్ రావచ్చు. కథకు ముందు పూజ ఉంటుంది, అది వాళ్ల అఖీదా. ఇంట్లో పెట్టుకోవాలా వద్దా అన్నది వేరే మసలా. హునర్ గురించి తెలుసుకోవడానికి అదేం అడ్డు కాదు.

అమెరికాలోని అరిజోనాలో హోపీ అనే ఆదివాసీలు కాటన్‌వుడ్ చెట్టు వేరుతో ఇలాగే కాట్సినా బొమ్మలు చెక్కుతారు. తమ కాట్సినాలు ఎవరో తెలిసేలా ఆడపిల్లలకు ఇస్తారు. వాటినీ టూరిస్టులు, మ్యూజియంలు కొనుక్కుపోయారు. చెర్యాలలోనూ ఇప్పుడు గోడకు తగిలించే మాస్కులకే గిరాకీ. మందెచ్చులోళ్ల కోసం పూరా సెట్టు చెక్కే పని అరుదైపోయింది. షోకేస్‌లో కూర్చున్న బొమ్మకు పుల్లరి ఝగడా గురించి చెప్పేవాళ్లు పక్కన ఉండరు.