ఖాళీ స్థలం ఎవరిది? ఆర్-5 జోన్ వెనక ఉన్న 130 ఏళ్లు



గత భాగంలో అసైన్డ్ పట్టా గురించి మాట్లాడుకున్నాం. ఇవాళ ఇంటి స్థలం సంగతి, అందులోనూ అమరావతి ఆర్-5 జోన్ సంగతి. దీన్ని మనకు రెండు పార్టీల కొట్లాటగానే చూపించారు. నాకు మాత్రం ఇది చాలా పాత కథలో కొత్త అధ్యాయంలా కనిపిస్తుంది.

మొదలు 1891లో ఉంది. చెంగల్పట్టు జిల్లా కలెక్టర్ ట్రెమెన్‌హీర్ అక్కడి పరయల బతుకు మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక రాశాడు. పరయవాడు కట్టుకున్న గుడిసె కింది నేల కూడా మిరాసీదారు చేతిలోనే ఉందని ఆయన గమనించాడు. కూలి చాలదంటే గుడిసె ఖాళీ చెయ్యమంటారు. అంటే పొలం లేకపోవడం ఒక బానిసత్వమైతే, ఇంటి జాగా లేకపోవడం దానికి వేసిన తాళం. ఆ నివేదిక ఫలితంగా 1892 సెప్టెంబర్ 30న జీవో 1010 వచ్చింది. అణగారిన కులాలకు భూమి ఇవ్వడం అక్కడ మొదలైంది. మన గుంటూరు, కృష్ణా ప్రాంతాలు అప్పుడు అదే ప్రెసిడెన్సీలో ఉన్నాయి.

1920 నాటికి మద్రాసు ప్రభుత్వం లేబర్ కమిషనర్‌ను పెట్టి, ఇంటి స్థలాలు, బావులు, బడుల పని అప్పగించింది. అప్పటినుంచి ప్రతి ప్రభుత్వమూ మనకు జాగాలిచ్చింది. సరే, ఎక్కడిచ్చింది? మీ ఊరి కాలనీ ఊరికి ఏ దిక్కున ఉందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. జవాబు దొరుకుతుంది.

ఇక అమరావతికి వద్దాం. 2015 జనవరిలో భూసమీకరణ మొదలై, దాదాపు 34 వేల ఎకరాలు సమీకరించారు. పట్టా రైతుకు ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, దాంతోపాటు వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. అసైన్డ్ భూమి దున్నుకునే దళితుడికి అంతకన్నా తక్కువ లెక్క కట్టారు. భూమే లేని కూలీకి నెలకు 2,500 రూపాయల పెన్షన్. అదే నేల మీద ఒకరికి ప్లాటు, ఒకరికి తక్కువ ప్లాటు, ఒకరికి పెన్షన్.

తర్వాత పటం వచ్చింది. నివాస ప్రాంతాన్ని ఆర్-1 నుంచి ఆర్-4 దాకా జోన్లుగా విడగొట్టారు. ఆర్-1 పాత ఊళ్లు. మిగతావి ఇళ్ల సాంద్రతను బట్టి. పటంలో కులం పేరు ఎక్కడా ఉండదు, రంగులే ఉంటాయి. కానీ సీఆర్‌డీఏ చట్టంలో 53వ సెక్షన్ ఉంది. సమీకరించిన భూమిలో 5 శాతం పేదల ఇళ్లకు కేటాయించాలని అది చెబుతోంది. 34 వేల ఎకరాల్లో 5 శాతమంటే సుమారు 1,700 ఎకరాలు. ఇది ఎవరి దయా కాదు, 2014 నాటి చట్టంలోని మాట. నగరం కట్టడం మొదలైనప్పుడు ఈ మాట కోసం ఎంతమంది రోడ్డెక్కారు?

2020లో అప్పటి ప్రభుత్వం విజయవాడ, గుంటూరు ప్రాంతాల పేదలకు ఇక్కడ స్థలాలిస్తామంది. వ్యవహారం కోర్టుకెక్కింది. పేదలొస్తే డెమోగ్రాఫిక్ ఇంబ్యాలెన్స్ వస్తుందని కోర్టులో వాదించారని అప్పటి ముఖ్యమంత్రి జగన్ సభల్లో పదేపదే చెప్పారు. ఆ తర్వాత 2022లో చట్టం సవరించి, 2023 మార్చిలో సుమారు 900 ఎకరాలతో ఆర్-5 జోన్ సృష్టించారు. మే 5న హైకోర్టు స్టే నిరాకరించింది. మే 17న సుప్రీంకోర్టు, పట్టాలివ్వొచ్చు గానీ అవి తుది తీర్పుకు లోబడి ఉంటాయంది. మే 26న వెంకటపాలెంలో 50,793 మంది ఆడవాళ్ల పేరిట పట్టాలిచ్చారు. తలా ఒక సెంటు, అంటే 48 గజాలు. ఆగస్టు 3న హైకోర్టు ఇళ్ల నిర్మాణం ఆపేసింది. 2024లో ప్రభుత్వం మారాక, వాళ్లకు వాళ్ల సొంత ప్రాంతాల్లోనే స్థలాలిస్తామన్న మాట వచ్చింది.

రైతుల వాదన నేను తీసిపారెయ్యను. ఒక మాస్టర్ ప్లాన్ చూపించి భూమి తీసుకున్నారు, దాన్ని మధ్యలో మార్చడం వాళ్లకు మోసంగా అనిపించింది. ఆ రైతుల్లో దళితులూ ఉన్నారు. కానీ పేదల రాకతో సమతుల్యం చెడిపోతుందనే మాట ఎవరు అన్నా, అది ఊరి బయట కాలనీ పెట్టిన బుద్ధే. ప్రభుత్వాన్నీ అడగాలి: తీర్పు తేలని నేల మీద 50 వేలమందికి కాగితాలు పంచడం వాళ్లకు మేలు చెయ్యడానికా, వాళ్లను ముందు నిలబెట్టడానికా? పాత ఆర్-2, ఆర్-3 జోన్లలోనే ప్రతి కాలనీ పక్కనా 5 శాతం ఎందుకు పెట్టలేదు? పేదల కోసమే విడిగా ఒక జోన్ గీయడం, రంగు మార్చిన వాడ కాదా?

విద్యార్థి మిత్రులకు, ఉద్యమ సహచరులకు ఒక పని చెప్తాను. మీ పట్టణంలో జోన్ మార్పు నోటీసు వచ్చినప్పుడు అభ్యంతరాలకు గడువిస్తారు. ఆ గడువులో ఎక్కువగా వెళ్లేది ప్లాట్లున్నవాళ్లే. ఈసారి మనం వెళ్దాం. నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడుగుదాం. 'ఖాళీ' అని రాసిన ఈ భూమిని ఇంతకాలం ఎవరు దున్నారు, ఎవరు పశువులు మేపారు, ఎవరు తమవాళ్లను పూడ్చిపెట్టుకున్నారు? అందులో అసైన్డ్ ఎంత, వాళ్లకిచ్చే పరిహారం పట్టా రైతుతో సమానమా? పేదల వాటా ఎంత శాతం, పటంలో ఏ చోట? ఆ చోటు నుంచి పనికి, బడికి, ఆసుపత్రికి ఎంత దూరం?

పట్టా చేతికొచ్చాక కోర్టు చుట్టూ తిరగడం కంటే, పటం గీసే రోజున ఆ బల్ల దగ్గర ఉండటం మనకు ముఖ్యం. వెంకటపాలెంలో కాగితం అందుకున్న ఆ 50,793 మందిని ఆ బల్ల దగ్గరికి ఎవరూ పిలవలేదు.

వచ్చే భాగంలో 1977 అసైన్డ్ భూముల చట్టం ఎవరిని కాపాడింది, ఎవరిని కాపాడలేదు అన్నది చూద్దాం. మీ ఊరి కాలనీ ఏ ఏడు వచ్చిందో, ఎవరి భూమిలో వచ్చిందో పెద్దవాళ్లనడిగి ఇక్కడ రాయండి.

జై భీమ్.