నైలు ఒడ్డు నాగలి – గోదావరి ఒడ్డు నాగలి

ప్రత్యేక సంచిక కొరకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంఘం పెద్దలు అడిగారు. నేను పండితుణ్ణి కాను. ముప్ఫై ఏండ్లకు పైగా గుమాస్తాగా పహాణీలు, జాబితాలు రాసినవాణ్ణి. అంతకు ముందు మా జైపూర్‌లో నాయన వెంట అరక పట్టినవాణ్ణి. ఆ రెండు అనుభవాలతోనే ఈ నాలుగు మాటలు.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు దేశపు మమ్మీ ఒకటి ఉన్నది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో వచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు. మనుమణ్ణి తీసుకుపోయి చూపిస్తే, వాడు "తాతా, వీళ్లకు నాగలి ఉండెనా?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తరువాత గ్రంథాలయంలో కూర్చొని చదివాను.

ఉండెను. ఈజిప్టువారు తమ సమాధుల గోడల మీద వ్యవసాయాన్ని బొమ్మలు గీసి పెట్టారు. క్రీస్తు పూర్వం 13వ శతాబ్దానికి చెందిన సెన్నెజెమ్ అనే పనివాని సమాధిలో అతడు నాగలి దున్నుతుంటే, భార్య వెనుక నుండి విత్తనం చల్లుతుంటుంది. ఆ నాగలికి రెండు పిడులు. మన నాగలికి ఒకటే మేడి. వారు కాడిని ఎద్దుల కొమ్ములకు కట్టేవారు. మనం మెడ మీద పెడతాము. మిగతా తీరంతా ఒక్కటే. మా ఊరి వడ్లాయన నాగలికి నల్లతుమ్మ మొద్దు ఏరేవాడు. ఈజిప్టు వడ్రంగులకు కూడా తుమ్మజాతి కర్రే ఆధారం. మన నల్లతుమ్మకు వృక్షశాస్త్రం పెట్టిన 'నిలోటికా' అనే పేరు నైలు నది నుండి వచ్చినదే.

వారి కొడవలి కర్రతో చేసినది. అంచుకు చెకుముకిరాతి పళ్లు పొదిగేవారు. కోసిన పంటను కల్లంలో పోసి పశువులతో తొక్కించేవారు. మనం బంతి కట్టినట్లే. తరువాత గాలికి తూర్పారపట్టేవారు. నీరు తోడడానికి షాదూఫ్ అనే సాధనం ఉండేది. పొడుగు వాసానికి ఒక చివర తోడే పాత్ర, రెండవ చివర బరువు. అది మన ఏతమే కదా! మా బావి దగ్గర ఏతానికి నాయన రాయి కట్టేవాడు. వంచేటప్పుడే బలం, నిండిన బానను రాయే పైకి లేపుతుంది.

మన ప్రాంతం ఏమీ తక్కువ తినలేదు. గోదావరి దాటి పెద్దపల్లి వైపు పోతే పెద్దబంకూరు వస్తుంది. అక్కడి తవ్వకాలలో శాతవాహనుల నాటి ఊరు బయటపడింది. 22 ఇటుక బావులు, కమ్మరి కొలిమి, ఇనుప వ్యవసాయ పనిముట్లు దొరికాయి. అంటే రెండు వేల ఏండ్ల క్రిందటే మన రైతు ఇనుప కర్రుతో దున్నినాడు. విత్తనం వేసే గొర్రు సంగతి చూడండి. ఈజిప్టువారు చేతితో చల్లి, గొర్రెలతో తొక్కించేవారు. మన రైతు జడ్డిగంలో గింజలు పోస్తే, అవి గొట్టాల గుండా జారి సాలులోనే పడతాయి. ఇటువంటి సాధనం యూరపువారి కొత్త కల్పన అనుకున్న హాల్‌కాట్ అనే ఇంగ్లీషు కెప్టెను, దక్షిణ భారతంలో రైతులు దానిని వాడటం చూసి ఆశ్చర్యపోయి 1795లో రాశాడు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మెన్నా అనే ఉద్యోగి సమాధి. అతడు పొలాల లెక్కలు చూసే అధికారి. గోడ మీద పనివాళ్లు ముడులు వేసిన తాడుతో చేను కొలుస్తుంటే, గుమాస్తాలు పక్కన నిలబడి రాస్తుంటారు. మన సర్వే గొలుసు, మన పంచనామా కళ్లముందు మెదిలినవి. మూడు వేల నాలుగు వందల ఏండ్ల క్రిందటి మన శాఖవారన్నమాట!

ఇక్కడ నా సర్వీసులోని ఒక సంగతి చెప్పాలి. ఒక ఊరి భూములు సేకరణ క్రిందికి పోయినప్పుడు జాబితా రాసే పని నాకు పడింది. భూమికి, బావికి, చెట్టుకు, ఇంటికి కాలమ్‌లు ఉన్నవి. ఒక ముసలి రైతు దగ్గరకు వచ్చి, "సారూ, నా నాగలి, గొర్రు, గుంటుక రాయలేదేంది?" అన్నాడు. "దానికి కాలమ్ లేదు పెద్దయ్యా" అన్నాను. ఆయన కొంచెం సేపు ఊరుకొని, "అవును సారూ, నాగలికి కాలం లేదు" అని వెళ్లిపోయాడు. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

ఆయనను అనడమెందుకు? మా నాయన నాగలి ఏమైందని మనుమడు అడిగితే నేను తల వంచుకున్నాను. 1994లో ఇల్లు తిరగ కట్టేటప్పుడు పాత వాసాలతో పాటు నీళ్ల పొయ్యిలోకి పోయింది. వేయమన్నది నేనే. కర్రు మాత్రం ఎట్లనో మిగిలింది.

2016లో మా మండలంలో సింగరేణి విద్యుత్ కేంద్రం వెలిగింది. ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చి రైతు నడుముకు విశ్రాంతి ఇచ్చినవి. అది మంచిదే, నాగలి మళ్లీ రావాలని నేను కోరను. మేడి పట్టిన చేతుల బొబ్బలు నాకు తెలుసు. కాని ఈజిప్టు రైతు వాడిన పనిముట్లు మన పిల్లలకు బొమ్మలలో దొరుకుతున్నవి. వాళ్ల తాత వాడినవి ఎక్కడా దొరకడం లేదు. ఎందుకంటే వారి గుమాస్తాలు రాశారు, మనం రాయలేదు.

కావున మిత్రులారా, నా మనవి ఒక్కటే. రాత మన వృత్తి. ఒక తెల్లకాగితం తీసుకొని మీ ఇంటి పనిముట్ల పేర్లు, ఏ కర్రతో చేసేవారో, ఎవరు చేసేవారో, ఏ కార్తెలో వాడేవారో రాసిపెట్టండి. నేను మొదలుపెట్టాను. మొదటి వరుసలో ఇట్లా రాశాను: "కర్రు – ఒకటి. మా నాయనది." బరువు కాలమ్ మనుమడు నింపుతానన్నాడు, కిరాణా కొట్టుకు తూకానికి పట్టుకుపోయాడు.