పెల్లగ్రా ఉన్మాదము

పిచ్చికి మందు వంటింటిలో నున్నదనిన మనలో పెక్కురు నవ్వుదురు. కాని ఒక విధమైన ఉన్మాదము విషయమున ఆ మాట నిజమైనది.

పెల్లగ్రా యను వ్యాధిలో ఎండ తగిలిన చర్మము నల్లబడి పొరలూడును, విరేచనములు పట్టుకొనును, తుదకు మతి చలించును. 1735లో స్పెయిను వైద్యుడు గాస్పర్ కసాల్ మొక్కజొన్నతో బ్రదుకు బీదలయందు దీనిని గుర్తించెను. మూలకారణము తేలుటకు రెండువందల యేండ్లు పట్టినది. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా దక్షిణ రాష్ట్రముల పిచ్చాసుపత్రులలో ఈ రోగులు పెక్కుమంది యుండిరి. 1914లో ప్రభుత్వము పంపగా అచ్చటికి వెళ్లిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఒక చిన్న సంగతి కనిపెట్టెను. రోగులకు పెల్లగ్రా వచ్చుచున్నది. రేయింబవళ్లు వారితోనే యుండు పరిచారకులకు రాదు. అంటువ్యాధియే యైనచో వారిని విడుచునా? భేదము వడ్డనలో నున్నదని ఆయన గ్రహించెను. పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడు జాతి గింజలు పెట్టించగా వ్యాధి తగ్గెను. 1915లో మిసిసిపీ జైలులో పదునొకండుగురు ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన భోజనము పెట్టగా ఆరుగురికి పెల్లగ్రా కలిగెను. విడుదల ఆశ చూపి చేసిన ఆ పరీక్ష నాకు రుచింపదు. అది తేల్చిన సత్యమును మాత్రము కాదనలేను. అప్పటికిని నమ్మనివారి కొరకు 1916లో ఆయనయు, భార్యయు, సహచరులును రోగుల రక్తమును తమ దేహములలోనికి ఎక్కించుకొనిరి. ఎవరికిని వ్యాధి రాలేదు. 1937లో కాన్రాడ్ ఎల్వేజెమ్ కుక్కలకు వచ్చు ఇట్టి వ్యాధిని నయాసిన్ అను విటమినుతో కుదిర్చెను. మనుష్యులకును అది పనిచేసినది. మతి తప్పినవారు కొలది దినములలో తెలివి తెచ్చుకొనిరి.

మన దక్కనునకును ఈ కథతో సంబంధము కలదు. జొన్నలు తిను పేదలకు వచ్చు పెల్లగ్రాను గూర్చి హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయమునకు చెందిన సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్యగారలు 1960లో లాన్సెట్ పత్రికలో వ్రాసిరి. జొన్నలోని ల్యూసిన్ అను పదార్థము కారణమని వారి వాదము. దానిపై తరువాత తర్కములు జరిగినవి. జొన్నరొట్టెను నేను దూషింపను. పప్పు, పాలు లేక రొట్టె యొక్కటే తిని బ్రదుకవలసి వచ్చుటయే దోషము.

పెల్లగ్రాపై కలిగిన జయము వెంట ఒక దురాశయు పుట్టినది. 1952 మొదలు కెనడాలోని సస్కాచివాన్‌లో ఏబ్రం హాఫర్, హంఫ్రీ ఆస్మండ్ అను వైద్యులు స్కిజోఫ్రీనియా రోగులకు దినమునకు గ్రాముల కొలది నయాసిన్ ఇచ్చి, మేలు కలిగెనని వ్రాసిరి. 1968లో లైనస్ పాలింగ్ వంటి మహాశాస్త్రజ్ఞుడు ఈ మార్గమును సమర్థించెను. గుమాస్తాగిరి చేసినవాడను గనుక చెప్పుచున్నాను: ఒక పద్దు కుదిరినంతనే చిట్టా యంతయు కుదిరినట్లు కాదు. ఇతరులు సరిచూడగా ఆ ఫలితము కానరాలేదు. 1973లో అమెరికా మనోవైద్యుల సంఘము ఈ చికిత్సను తిరస్కరించెను. అంత మోతాదు కాలేయమునకు హాని చేయగలదు. అయినను, వైద్యుడిచ్చిన మాత్రలు మానిపించి విటమిను డబ్బాలు కొను కుటుంబములను నేనెరుగుదును.

పెల్లగ్రా మాత్రము పూర్తిగా పోలేదు. మితిమీరి త్రాగువారికిని, క్షయకు ఐసోనియాజిడ్ వాడువారిలో కొందరికిని నేడును రావచ్చును. అట్టివారికి మతి చలించినచో వారి చర్మమును, భోజనమును కూడ విచారింపవలసి యుండును.