చేప రక్తంలో దాగిన జాతి కథ

సత్తెనపల్లి వైపు పత్తి, మిర్చి వేసే రైతు విత్తనాల షాపుకెళ్తే ఏం అడుగుతాడు? రకం ఏంటి, కంపెనీ ఏది, బిల్లు ఇస్తావా అని అడుగుతాడు. నకిలీ విత్తనం దెబ్బ ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. అదే రైతు చెరువులో వదలడానికి చేపపిల్లలు కొంటే? సైజెంత, వెయ్యికి రేటెంత, అంతే. జాతి మాటే ఎత్తడు. కానీ ఆ తేడా చేప రక్తంలోనే ఉంది. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

ముందు బంగారుతీగ సంగతి. ఇది మన నదుల చేప కాదు. 1939లో శ్రీలంక నుంచి నీలగిరికి ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కి ఇంకో రకం వచ్చాయి. వీటిలో ఒళ్లంతా పొలుసులున్నవీ ఉన్నాయి, అసలు పొలుసుల్లేనివీ ఉన్నాయి. సోవియట్ శాస్త్రవేత్త కిర్పిచ్నికోవ్, ఆయన తోటివాళ్లు దీని గుట్టు వెతికారు. పొలుసుల అమరికని మార్చే ఒక జన్యువు ఉన్న చేపల్లో ఎర్ర రక్తకణాలు, హిమోగ్లోబిన్ కూడా తక్కువని తేలింది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే అవి తట్టుకోలేవు. తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం చూసిన రైతుకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇక మన దేశానికొద్దాం. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి పీయూష గ్రంథి సారం ఇంజెక్షన్ చేసి చేపలతో గుడ్లు పెట్టించారు. అందుకే ఆ రోజు జాతీయ మత్స్య రైతుల దినోత్సవం. అంతకుముందు పిల్లల కోసం నదుల మీదే ఎక్కువగా ఆధారపడేవాళ్లు. అయితే హేచరీలతో ఒక చిక్కు కూడా వచ్చింది. కొద్ది తల్లిచేపలతోనే ఏళ్ల తరబడి పిల్లలు తీస్తే, తరతరాలుగా మేనరికాలు చేసుకున్నట్టే. కర్ణాటక హేచరీల మీద 1990లో వచ్చిన పరిశోధన ఇదే హెచ్చరించింది.

1992లో భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో సీఫా, నార్వే శాస్త్రవేత్తలు కలిసి పని మొదలుపెట్టారు. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల రోహుని, అంటే మన శీలావతిని, ఫారం చేపలతో కలిపి మంచివాటిని ఏరుకుంటూ వచ్చారు. 1997లో, స్వాతంత్ర్యానికి 50 ఏళ్లు నిండినప్పుడు, జయంతి రోహు వచ్చింది. పెరుగుదలలో తరానికి సగటున 17 శాతం మెరుగు! తర్వాత ఏరోమోనాస్ బాక్టీరియాని తట్టుకునే వరసల్ని వేరుచేశారు. ఆ చేపల రక్తరసంలో సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా కనిపించింది. అంటే గట్టి చేపని గుర్తుపట్టడానికి రక్తపరీక్ష ఒక దారి చూపిస్తోందన్నమాట.

ఒక్క జాగ్రత్త. నీటి వేడి, వయసు, మేత, వలలో పడిన బెదురు, ఇవన్నీ రక్తం లెక్కల్ని మారుస్తాయి. రెండు జాతుల్ని పోల్చాలంటే ఒకే నీళ్లలో, ఒకే మేతతో, ఒకే వయసులో చూడాలి. పక్క ఊరి చెరువుతో పోలిస్తే ఉపయోగం లేదు.

కాబట్టి ఈసారి పిల్లలు కొనేముందు రెండే ప్రశ్నలు అడగండి. తల్లిచేపలు ఎక్కడివి? వాటిని చివరిసారి ఎప్పుడు మార్చారు? పత్తి విత్తనానికి అడిగే బిల్లు చేపపిల్లకీ అడగండి.