గొర్రె పుర్రె, మేక పుర్రె: తేడా ఎక్కడ?

మన కాపరులు గొర్రెలను, మేకలను కలిపి ‘జీవాలు’ అంటారు. బతికి ఉండగా తోక చూసి వేరు చేయవచ్చు. మట్టిలో దొరికిన ఎముకలతో అది నిపుణులకూ కష్టమే. అందుకే పురావస్తు నివేదికలలో ‘గొర్రె లేదా మేక’ అనే ఉమ్మడి పద్దు తరచూ కనిపిస్తుంది.

పుర్రె దొరికితే సందిగ్ధం చాలావరకు తొలగుతుంది. గొర్రెకు కంటిగూటి ముందు ఎముకపై, చర్మగ్రంథి ఇమిడే గుంట ఉంటుంది, మేకకు ఉండదు. నుదుటి ఎముక వెనుక అతుకు గొర్రెలో కోణంగా వంగితే, మేకలో దాదాపు తిన్నగా సాగుతుంది. కొమ్ము లోపలి ఎముక మేకలో ముందంచు పదునుగా ఉంటుంది. కొమ్ములేని గొర్రెల విషయంలో ఈ చివరి గుర్తు అక్కరకు రాదు.

బోస్నెక్, ముల్లర్, టైఖర్ట్ అనే జర్మన్ పరిశోధకులు 1964లో ఇటువంటి గుర్తులను క్రోడీకరించారు. బలూచిస్థాన్‌లోని మెహర్‌గఢ్‌లో నవీన శిలాయుగపు సమాధులలో మనిషి పక్కన పూడ్చినవి గొర్రెపిల్లలు కావు, మేకపిల్లలని చెప్పగలగడం ఎముకల పరిశీలన ఫలితమే.