మతగురువు - మంత్రిపదవి

మతమును రాజ్యాధికారమును ఒక్కని చేతికి చిక్కిన నేమగునో తెలిసికొనుటకు ఇంగ్లండు దేశపు విలియం లాంగ్‌చాంప్ చరిత్రము తగిన యుదాహరణము.

1189వ సంవత్సరమున మొదటి రిచర్డు సింహాసనమెక్కి, జెరూసలేము యుద్ధయాత్రకు ధనము కూర్చుటకై పదవులను విక్రయింపసాగెను. నార్మండీనుండి వచ్చిన లాంగ్‌చాంప్ 3,000 పౌనులిచ్చి ఛాన్సలరు పదవిని గైకొనెను. ఆ యేటి కడపటనే ఈలీ పట్టణమునకు బిషప్పయ్యెను. 1190లో రాజు దూరదేశమునకు తరలిపోగా రాజప్రతినిధిత్వమును, పోపు ప్రతినిధిత్వమును గూడ నతనికే సంక్రమించెను. తనతోపాటు రాజప్రతినిధిగా నియుక్తుడైన డర్హం బిషప్పును అతడు బంధించి తొలగించెను.

రాజోద్యోగి యన్యాయము చేసినచో ప్రజలు మతగురువుతో మొఱపెట్టుకొందురు. మతగురువు తప్పు చేసినచో రాజును శరణు జొత్తురు. ఇచట నా యిద్దరు నొక్కరే! ఇక నెవరితో చెప్పుకొనవలెను?

1191 సెప్టెంబరులో, రాజునకు సవతి యన్నయైన యార్కు ఆర్చిబిషప్పు జెఫ్రీ డోవరు రేవున దిగెను. అచటి కోట లాంగ్‌చాంప్ బావమఱది యధీనమున నుండెను. జెఫ్రీ మఠమున శరణు జొచ్చినను, భటులు ఆయనను వెలుపలికి ఈడ్చుకొనిపోయిరి. దేశమంతయు నట్టుడికిపోయెను. అక్టోబరులో రాజసోదరుడగు జానును, ప్రభువులును, బిషప్పులును లండనులో సభ చేసి లాంగ్‌చాంపును పదవీచ్యుతుని గావించిరి.

అతడు స్త్రీవేషమున పాఱిపోజూచి పట్టుబడెనని ప్రసిద్ధమైన కథ యొకటి కలదు. దానిని వ్రాసినవాడు అతని శత్రువైన కోవెంట్రీ బిషప్పు. అతని తాత పల్లెకాపు దాసుడని శత్రువులు హేళన చేసిరి. ఈ మాటలను మేము లెక్కింపము. మనుజుని చేతలను విమర్శింపవలెను గాని పుట్టుకను కాదు.

లాంగ్‌చాంప్ రాజద్రోహి కాడు. 1193లో రిచర్డు జర్మనీలో బందీగా నుండగా, అతడచటికి పోయి రాజు విడుదలకై పాటుపడెను. 1197లో మరణించువఱకు ఛాన్సలరుగానే యుండెను. అతనిని వెడలగొట్టిన జానో, అన్న చెఱలో నుండగా ఫ్రాన్సు రాజుతో చేతులు కలిపెను!

కావున విశ్వాసపాత్రుడు గదా యని యెవనికిని నిరంకుశాధికారము నొసగరాదు. లాంగ్‌చాంప్ రాజభక్తి వలన రాజునకు మేలు కలిగెను. ప్రజలకు రక్షణ కలుగలేదు. అధికారి యెంత యోగ్యుడైనను, అతనిని ప్రశ్నింపగల స్వతంత్రపీఠ మింకొకటి యుండితీరవలెను. ఆ పీఠమున గూడ నతనినే కూర్చుండబెట్టిన రాజుదే మొదటి తప్పు.